జీపు మీద టీజీ

ఎల్బీనగర్,
బంద్ మర్నాడు.

మురళీకృష్ణ బావకి,

విజయవాడలో టీవీ చూసి కంగారుపడకు. లదాఖ్ ప్రయాణానికి మనం బాగుచేయిస్తున్న పాత జీపు భద్రంగానే ఉంది.

నిన్న నేను షెడ్డులో ఉండగానే గుంపు వచ్చింది. నంబరు ప్లేటు మీద ఏపీ చూసి ఒకడు రాయి ఎత్తాడు. మన మెకానిక్ అంతయ్య అడ్డం వెళ్లి, ఏపీ మీద ఎర్రరంగుతో పెద్దగా టీజీ అని రాశాడు.

"మన బండే, పోండ్రి" అన్నాడు. వెళ్లిపోయారు. నిన్న పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్లతో కలిసి ధర్నాలో కూర్చున్నవాడే అతను.

తర్వాత కిరసనాయిలు గుడ్డ నా చేతికిచ్చాడు.

"రంగు పచ్చిగనే ఉన్నది సార్. తుడుస్తే పోతది. నీ బండి, నీ ఇష్టం."

తుడవలేదు బావా. భయపడి ఆగానో, అతని ఎదుట చెయ్యి రాలేదో నాకే తెలియదు.

తెల్లారేసరికి రంగు ఆరిపోయింది.