పైపై కాపీ వ్రతం

మే 4, ఉదయం
లాప్‌టాప్ నిండిపోయింది! మా మామిడిపళ్ల యాప్ కోడ్ గుప్పెడు. కానీ మా టీమ్ మహానుభావులు ఏళ్ల తరబడి పళ్ల ఫోటోలు కూడా అందులోనే కుక్కారు. తర్వాత తీసేశారట. తీసేస్తే పోతాయా? కోడ్‌తో పాటు ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఆ చరిత్రంతా దిగుతుంది. ఫోటోలన్నీ ఆ చరిత్రలో క్షేమం.
ఇవాళ్టి నుంచి నాది ఒకటే వ్రతం. పైపై కాపీ! ఇప్పటి కోడూ, చివరి మార్పూ మాత్రమే దించుకుంటాను. వెనకటి సోది వద్దు.

మధ్యాహ్నం
చివరి మార్పు నాదే, నిన్న దిద్దిన స్పెల్లింగు. అక్కడి నుంచే కాపీ తీశాను. నూజివీడు నెట్‌లో కూడా కాఫీ చల్లారేలోపు దిగింది! గ్రూపులో పెట్టాను: "పాతవి తవ్వడం మానండి. అందరూ పైపై కాపీలే తీసుకోండి." తీసుకున్నారు. మా టీమ్‌లో బెంగళూరు నుంచి పనిచేసే భాస్కరరావు థంబ్సప్ పెట్టాడు. పాపం, టైపు చేయడం ఆయనకి కష్టం.

మే 7
లాప్‌టాప్ హాయిగా ఉంది. చరిత్ర పనిలేనివాళ్లకి.

మే 9
రెడ్డిగూడెం రాఘవయ్య గారి ఫోన్. మా యాప్‌లో అమ్మేది ఎక్కువగా ఆయన తోట పళ్లే.
"ఏంటమ్మా ప్రవల్లికా, మా తోటలో చెరుకు గానుగ ఎప్పుడు పెట్టించారు? ఎవరో హైదరాబాదు నుంచి రెండు గ్లాసులు, ఐసు వద్దంటున్నారు!"
ఎప్పుడో రాసిపెట్టి ఈ వారమే జనానికి తెరిచిన ఇంగ్లీషు పేజీ చూశాను. చెరుకు రసం అనే మామిడి రకాన్ని ఎవడో 'షుగర్‌కేన్ జ్యూస్' చేశాడు! మామిడిచెట్టు మొహం చూసినవాడి పని కాదిది. భాస్కరరావే! దిద్దడం నిమిషం పని. ముందు వాణ్ణి మీటింగులో ఉతికి ఆరేయాలి.

మే 10
మీటింగు. మేనేజర్ హన్నా గారితో సహా అందరూ ఉన్నారు. నా స్క్రీన్ చూపించాను.
"ఈ లైను ఎవరు రాశారో చూద్దామా, భాస్కరరావు గారూ?"
నొక్కాను. ప్రవల్లిక. పై లైను? ప్రవల్లిక. నేను ఇంటర్ చదివేటప్పుడు పుట్టిన లాగిన్ పేజీ? అదీ ప్రవల్లికే!
"నూజివీడు వాళ్లకే చెరుకు రసం తెలీకపోతే ఎలాగండీ?" అన్నాడు భాస్కరరావు. అందరూ నవ్వారు. తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం
అర్థమైంది. చరిత్ర లేని కాపీలో ప్రతి పాత లైనూ, కాపీ తీసేనాటికి చివరి మార్పు చేసినవాడి నెత్తినే పడుతుంది. నా సలహా పుణ్యాన అందరి లాప్‌టాపుల్లోనూ దోషి నేనే!

మే 11
చరిత్ర మొత్తం దించుతున్నాను. వ్రతభంగం కాదు, విచారణ. గాలివాన. కరెంటు పోయింది. మళ్లీ మొదటి నుంచి. ఒక్కొక్క కుళ్లిన పండు ఫోటో దిగుతోంది!

మే 12
దొరికాడు! ఆ లైను రాసింది భాస్కరరావే, పోయిన వేసవిలో! గ్రూపులో పెట్టాను.
జవాబు వచ్చింది: "పాతవి తవ్వడం మానమన్నది మీరే కదండీ."
దానికి హన్నా గారి థంబ్సప్. ఒళ్లు మండిపోయింది. ఆ లైను భాస్కరరావే దిద్దాలని మాత్రం చెప్పారు, అదే పదివేలు.

మే 13
లాప్‌టాప్ మళ్లీ నిండింది. మొత్తం చెరిపేశాను. ఇవాళ్టి నుంచి మళ్లీ పైపై కాపీ వ్రతం! అందరికీ చెప్పాను, కొత్త కాపీలు తీసుకోమని. కానీ తొందరేం లేదు. ముందు భాస్కరరావు ఆ లైను దిద్దనీ, చివరి మార్పు ఆయనదవ్వనీ.