సగం షట్టర్

2024 ఫిబ్రవరి 6

కమలాకర్ సార్ పొద్దున్నే హైదరాబాద్ నుంచి ఫోన్ చేశారు. ఏప్రిల్ ఆఖరుకు సర్వర్ బంద్ చేస్తున్నారట. "జర వేరే తావు చూసుకో బిడ్డా" అన్నారు, ఏదో చిన్న సంగతి చెప్పినట్టు.

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. కాదు, ఆయన మీదే. తొమ్మిదేళ్లుగా మా సైట్లన్నీ ఆయన సర్వర్ మీదే ఉన్నాయి. నకిరేకల్ బజారు సగం ఆయన దగ్గరే ఉంది, ఆ సంగతి బజారుకు తెలియదు. స్టీలు సామాను షాపు, నిమ్మకాయల కమీషన్ దుకాణం, పెళ్ళి బట్టలు, టెంట్ హౌస్, విత్తనాల షాపు, కళ్ళద్దాల షాపు. సైటు మేమే చేస్తాం, మేమే నడుపుతాం, ధర మారితే మేమే మారుస్తాం. వాళ్ళు నెలనెలా కిరాయి కడతారు. విజిటింగ్ కార్డు మీద డానిష్ 'వెబ్‌సైట్ యాజ్ ఎ సర్వీస్' అని వేయించాడు. బజారులో మాత్రం మేము కిరాయి సైట్లోళ్ళమే.

డానిష్‌కు చెప్తే నవ్వాడు. ఆ సర్వర్ ముసలిదైందని రెండేళ్లుగా చెప్తున్నా కదక్కా అన్నాడు. పార్ట్‌నర్ అని కూడా చూడకుండా నాలుగు తిట్టాను. పాపం, టీ తెప్పించాడు.

ఫిబ్రవరి 7

పని చేయబుద్ధి కాలేదు. పాత ఫోల్డర్లు తెరుచుకుని కూర్చున్నాను.

2015. బోర్డుల మీద పాత రాష్ట్రం పేరు చెరిపి తెలంగాణ అని రాస్తున్న రోజులు. డిగ్రీ అయిపోయి నేను అహ్మద్ అలీ సాబ్ నెట్ సెంటర్‌లో అప్లికేషన్లు నింపుతుండేదాన్ని. సాబ్ అంటే డానిష్ వాళ్ళ నాన్న. మధ్యాహ్నం నమాజుకు పోతూ, మూలన ఉన్న కంప్యూటర్ చూపించి ఖాళీగా కూర్చోకు, ఏమన్నా నేర్చుకో అనేవారు. కరెంటు పోతే యూపీఎస్ కుయ్యోమని ఏడ్చేది. పక్క హోటల్లోంచి మిర్చీల వాసన వచ్చేది. అప్పుడు నాకు ఏదీ కష్టమనిపించలేదు. ఎంత హాయిగా ఉండేదో!

మొదటి సైటు సైదులు కాకది. బజారులో స్టీలు సామాను షాపు. స్క్రీన్ మీద తన బిందెలు, తన గంగాళాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత రాత్రి గూడ తెరిసే ఉంటదా అని అడిగాడు. ఉంటుంది అన్నాను. "మరి కావలి ఎవలుంటరు?" అన్నాడు. హైదరాబాద్‌లో కమలాకర్ సార్ ఉంటారని చెప్పాను. కాక ఫికర్ తీరినట్టు ఇంటికి పోయాడు.

ఇప్పుడు ఆ కావలి మనిషి పోతున్నాడు.

ఫిబ్రవరి 11

డానిష్ మూడు దారులు తేల్చాడు. ఒకటి, పెద్ద క్లౌడ్. దాని బిల్లు చదవడానికే వేరే చదువు కావాలి, అది వద్దనుకున్నాం. రెండు, ఖాళీ సర్వర్ ఒకటి కిరాయికి తీసుకుని అంతా మనమే చూసుకోవడం. అంటే ఇన్నాళ్లూ కమలాకర్ సార్ చేసిన చాకిరీ ఇక నా నెత్తిన. అప్‌డేట్లు, బ్యాకప్‌లు, వైరస్‌లు, అన్నీ. మూడు, ముంబై కంపెనీ. అక్కడ సైటుకో గది. ఒకదానికి జబ్బు చేస్తే పక్కదానికి అంటదు. బ్యాకప్ పూచీ వాళ్ళదే. డానిష్ మనసు ముంబై మీదే ఉంది.

నేను ఒక్కటే అడిగాను. సగం షట్టర్ ఉంటుందా?

వాడు తల పట్టుకున్నాడు.

మా బజారులో ఎవరైనా పోతే, పాడె బజారు దాటేదాకా అందరూ షట్టర్లు సగం దించుతారు. పూర్తిగా మూయరు, పూర్తిగా తెరవరు. 2017లో కమీషన్ దుకాణం పెద్దాయన పోయినప్పుడు సైదులు కాక షట్టర్ సగం దించి, చేతులు కట్టుకుని బయట నిలబడి ఉన్నాడు. సరిగ్గా పాడె ఎదురుగా వచ్చినప్పుడు జేబులో ఫోన్ గణగణ మోగింది. సైటు నుంచి ప్రెషర్ కుక్కర్ ఆర్డర్. ఆయనకు తల కొట్టేసినట్టయింది. నేరుగా నా దగ్గరికొచ్చి "దుకాణం సగం దించినం, గిదేందే బార్లా తెరుసుకోని కూసుంది?" అన్నాడు.

ఆ వారంలోనే చేశాను. సర్వర్‌లో చిన్న ఫైలు, సైట్లన్నీ దాన్నే చూస్తాయి. నేను ఒక్క బటన్ నొక్కితే అన్ని సైట్ల మీదా పై సగానికి బూడిదరంగు తెర దిగుతుంది, ఆర్డర్లు ఆగుతాయి. పాడె దాటాక ఎత్తేస్తాను. నేను చేసిన పనులన్నిటిలో నాకు గర్వంగా ఉన్నది అదొక్కటే.

ముంబైలో అది కుదరదు. ఎవరి గది వాళ్ళది. ఖాళీ సర్వర్‌లో అయితే కుదురుతుంది. అయితే ఖాళీ సర్వరే అన్నాను. డానిష్ మూతి ముడుచుకున్నాడు.

ఫిబ్రవరి 13

ఎందుకైనా మంచిదని సగం షట్టర్ కుదురుతుందా అని ముంబై వాళ్ళ చాట్‌లో అడిగాను. సగం అంటే ఎంత పర్సెంట్ మేడం అన్నాడు అక్కడి కుర్రాడు.

ఫిబ్రవరి 22

విత్తనాల షాపు వాళ్ళమ్మ పోయింది. బటన్ నొక్కాను. కాసేపటికి మక్తల్ నుంచి మల్లేశన్న ఫోన్.

మల్లేశన్న సైదులు కాకకు సొంత తమ్ముడు. తండ్రి పోయాక దుకాణం జాగా పంపకంలో మాటలు పెరిగాయి. మల్లేశన్న తన భార్య పుట్టినూరు మక్తల్ పోయి, అక్కడ స్టీలు షాపు పెట్టుకున్నాడు. అప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు, రాకపోకల్లేవు. అయినా అన్న సైటు చూసి అలాంటిదే కావాలని నాకే ఫోన్ చేశాడు. అన్న సైటుకన్నా ఒక్క ఫోటో ఎక్కువ ఉండాలన్నాడు. పెట్టాను.

ఇవాళ మండిపడ్డాడు. "నకిరేకల్‌ల ఎవలు పోతే నాకేంది? మక్తల్‌ల నా గిరాకీ ఎందుకు ఖరాబ్ చేస్తున్నవ్?" అన్నాడు. ఇన్నేళ్లూ ఊరుకున్నాడట, ఇవాళ పెళ్ళి సామాను బేరం తప్పిపోయిందట. తనను అందులోంచి తీసెయ్యమన్నాడు. అందరికీ ఒకటే ఫైలు, ఒక్కరిని తీయడం కుదరదన్నాను. మరి పెట్టేటప్పుడు నన్ను అడిగినవా అన్నాడు.

అడగలేదు. డానిష్ విని, నా వైపు ఒకసారి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. ఆ చూపుకే ఎక్కువ మండింది.

ఫిబ్రవరి 24

సైదులు కాక వచ్చాడు. సర్వర్ సంగతి ఎవరో చెప్పారట, కనుక్కుందామని. టీ తాగుతూ ఫోన్ తీసి నాకు ఒకటి చూపించాడు. మల్లేశన్న సైటు.

"మొన్న గూడ దించిండు, సూసినవా?" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. బజారులో ఎవరు పోయినా ఆయన ముందు చూసేది తమ్ముడి సైటేనట. మక్తల్‌లో కూర్చుని కూడా మన బజారు చావుకు షట్టర్ దించుతాడట. మాట్లాడకుంటే మాట్లాడకపాయె, వాడు ఊరును మర్వలే అన్నాడు. ప్రతిసారీ భార్య అండాలమ్మను పిలిచి మరీ చూపిస్తాడట. బజారువి నేను దించుతానని తెలుసు, మక్తల్‌ది మాత్రం తమ్ముడే దించుతాడనుకున్నాడు.

నోటిదాకా వచ్చింది. అది దించింది మల్లేశన్న కాదు కాకా, నేను. మింగేశాను. ఏడేళ్లుగా ఈ మనిషి నా బటన్‌ను పట్టుకుని తమ్ముడు అనుకుంటున్నాడు.

ముంబై పోతే, ఈసారి ఎవరైనా పోయినప్పుడు మక్తల్ సైటు బార్లా తెరుచుకుని ఉంటుంది. కాక అది చూస్తాడు.

ఫిబ్రవరి 25

డానిష్‌కు చెప్పాను. వాడు చాలాసేపు గోళ్ళు కొరుక్కున్నాడు. ఒక్క మనిషి భ్రమ కోసం బజారు మొత్తాన్ని మనకు చేతకాని సర్వర్ మీద పెడదామా అక్కా అన్నాడు.

మార్చి 3

పాత సర్వర్ పొద్దున పడుకుంది, సాయంత్రం లేచింది. పెళ్ళిళ్ళ సీజన్. టెంట్ హౌస్ ఆయన మా ఆఫీసులో వచ్చి కూర్చున్నాడు. తిట్టలేదు, ఉత్తగా కూర్చున్నాడు. తిడితే బాగుండేది.

మార్చి 9

హైదరాబాద్ పోయి వచ్చాను. ఇన్నేళ్లలో సర్వర్‌ను కళ్ళతో చూడలేదు. పోయేలోపు ఒక్కసారి చూడాలనిపించింది. ఏసీ గది, వరుసగా డబ్బాలు, మినుకుమినుకుమనే లైట్లు, అందులో ఎక్కడో మా బజారు. అలా ఊహించుకునేదాన్ని.

కమలాకర్ సార్ ఇంట్లో ఒక కుర్చీ, ఒక టేబుల్, ఫోన్ ఉన్నాయి. అంతే. సర్వర్ ఏది సార్ అని అడిగాను. ఆయన నవ్వి, "నేను గూడ కిరాయికేనమ్మా" అన్నారు. ఎవరిదో డేటా సెంటర్‌లో, ఎవరో కిరాయికి తీసుకున్న మెషీన్‌లో, ఆయన కొంత జాగా తీసుకుని మాకిచ్చారు. ఎప్పుడూ అంతేనట. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సార్ భార్య జొన్నరొట్టె పెట్టింది. తింటూ ఆయన్నే అడిగాను, ఎవరిని తీసుకోమంటారని. ఫోన్ ఎత్తేటోళ్ళ దగ్గరికి పో, మిగతాదంతా ఒక్కటే అన్నారు. సగం షట్టర్ సంగతి చెప్పాను, అన్నదమ్ముల సంగతి కూడా. ఆయన చేయి కడుక్కుని వచ్చి, బజారుల నిజం షట్టర్ ఎవలు దించుతరు అని అడిగారు. ఎవరిది వాళ్ళే సార్ అన్నాను. మరింకేంది బిడ్డా అన్నారు. బస్టాండ్ దాకా వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడ్డారు. ఆ సన్నటి మనిషిని కిటికీలోంచి చూస్తుంటే ఏడుపు ఆగలేదు.

మార్చి 10

ముంబై కంపెనీకే పోదామని డానిష్‌కు చెప్పాను.

మార్చి 18

ముంబై నంబర్‌కు వేళాపాళా లేకుండా ఫోన్ చేసి చూశాను. ప్రతిసారీ ఎత్తారు. సరే.

డానిష్ ఎవరి బటన్ వాళ్ళకు చేశాడు. ఓనర్ ఫోన్‌లో ఒక లింకు. నొక్కితే వాళ్ళ సైటే సగం దిగుతుంది, వాళ్ళే ఎత్తుకోవాలి. ఎవరైనా పోతే మేము వాట్సాప్ గ్రూపులో కబురు పెడతాం, అంతవరకే మా పని. మల్లేశన్నకు ఫోన్ చేసి చెప్పాను. గట్లయితే మంచిది, ఇగ నాకు తక్లీఫ్ లేదు అన్నాడు.

ఏప్రిల్ 20

సైట్లు ఒక్కొక్కటిగా తరలించాం. కావాలనే చివరికి ఉంచాను సైదులు కాకది. ఆయన పక్కనే కూర్చుని చూశాడు, ఇల్లు మారేటప్పుడు సామాను చూసుకున్నట్టు. మక్తల్‌ది గూడ భద్రంగ తీస్కపోయినవా అని అడిగాడు. పోయింది కాకా అన్నాను.

తర్వాత ఆయన ఫోన్‌లో బటన్ చూపించాను. ఇక నుంచి ఎవరి షట్టర్ వాళ్ళే దించుకోవాలి అన్నాను.

"మక్తల్‌ది ఇంతకుముందు గట్ల కాదా?" అన్నాడు.

అబద్ధం చెప్పొచ్చు. నాలుక మీదికి కూడా వచ్చింది. చెప్పలేకపోయాను. కాదు కాకా, అందరివీ నేనే దించేదాన్ని అన్నాను.

ఆయన నా వంక చూడలేదు. చేతిలో టీ పూర్తిగా తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. మంచిది బిడ్డా అని లేచి పోయాడు.

ఏప్రిల్ 30

పాత సర్వర్ ఆగిపోయింది. సాయంత్రం ఊరికే పాత అడ్రస్ కొట్టి చూశాను. తెల్ల పేజీ. సాబ్ నెట్ సెంటర్, మిర్చీల వాసన, నా ఇరవై మూడేళ్ల వయసు, అన్నీ అటే పోయినట్టనిపించింది. డానిష్ స్వీట్లు తెచ్చాడు. వాడి తప్పేముంది, తిన్నాను.

మే 14, పొద్దున 9

సైదులు కాక పోయాడు. తెల్లారి ఛాతీలో నొప్పి అన్నాడట. నల్లగొండ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే.

గ్రూపులో కబురు పెట్టాను. రెండుసార్లు తప్పు కొట్టాను.

11 గంటలు

బజారంతా సగం దించారు. సైట్లు కూడా దిగుతున్నాయి. ముందు టెంట్ హౌస్, తర్వాత నిమ్మకాయల వాళ్ళు. ఇంతకుముందు అన్నీ ఒకేసారి దిగేవి, ఇప్పుడు ఒక్కొక్కటే.

మక్తల్ తెరిచే ఉంది. మల్లేశన్న గ్రూపులో మెసేజ్ చూశాడు, నీలం టిక్ పడింది. రాలేదు. ఫోన్ కూడా చేయలేదట.

మా దగ్గర మాస్టర్ లాగిన్ ఉంది. నేను దించొచ్చు. అండాలమ్మ చూసినా చూడకపోయినా, ఆ ఇంట్లో ఎవరో ఒకరు చూస్తారు. మౌస్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. డానిష్ వెనకాల నిలబడ్డాడు.

తీసేశాను చెయ్యి. పాడె లేస్తోందన్నారు, పోతున్నాను.

సాయంత్రం

తిరిగొచ్చి చూశాను. మక్తల్ సగం దిగి ఉంది. నేను కాదు. డానిష్‌తో ఒట్టు వేయించుకున్నాను, వాడూ కాదు.

మే 17

పలకరించడానికి పోయాను. అండాలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను దగ్గరికి పిలిచి కాక ఫోన్ నా చేతిలో పెట్టింది. మక్తల్ సైటు. అందరూ అదే రోజు ఎత్తేశారు, అది మాత్రం ఇంకా దించే ఉంది.

"ఇది నువ్వు దించినవా?" అని అడిగింది. ఏప్రిల్ సంగతి కాక ఆమెకు చెప్పాడన్నమాట. కాదమ్మా, ఈసారి మల్లేశన్నే అన్నాను. నా మొహంలోకి చాలాసేపు చూసింది, నిజమో కాదో తేల్చుకోవడానికి. ఆ రోజు నా దగ్గర్నుంచి ఇంటికొచ్చాక, కాక ఆ సైటు చూసుడే బంద్ పెట్టాడట. ఫోన్ తీసుకుని, చీరకొంగుతో స్క్రీన్ తుడిచి, "ఈయన సూసి పోతే ఏమైతుండె" అంది. అప్పటిదాకా ఏడవనిది అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మే 25

ముంబై నుంచి ఫోన్. మక్తల్ సైటు చాలా రోజులుగా సగమే కనిపిస్తోంది, సరిచేయమంటారా అన్నాడు. వద్దన్నాను. ఎత్తమని మల్లేశన్నకు కూడా నేను చెప్పలేదు.

ఇప్పుడే అండాలమ్మ మనిషిని పంపింది, మక్తల్ నంబర్ కావాలని.