నేను ఎత్తగలిగిన లేత్

నవంబర్ 4
మా ఆయన స్తూరె మళ్ళీ లేత్ మాట తెచ్చాడు, ఇనుమూ ఇత్తడీ తిప్పుతూ చెక్కే ఆ మెషిన్ ఇంట్లో పెట్టాలని. ఎస్కిల్‌స్తూనా కార్ఖానాలో బతుకంతా ఇనుము తిప్పిన చేతులు, ఊరికే ఉండలేవట. మాకున్నవి రెండు గదులు, ఒక వంటిల్లు. లేత్ పెడితే ఎక్కడ తింటాం? ఇనుప రజను రగ్గులోకి పోతే? మోటార్ అంటుకుంటే? ఆయన గుండెలో వాల్వ్ పాడైంది, బరువులు ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పాడు. ఈయనకేమో వంటింటి సొరుగులు నాలుగింటికీ ఇత్తడి పిడులు చేయాలని ఉంది.

నవంబర్ 9
స్తూరెతో పనిచేసిన బెర్టిల్ వచ్చాడు. తన షెడ్డులో ఉన్న పోత ఇనుము లేత్ తీసుకోమంటాడు. ఇద్దరు మగాళ్ళు మోయాలట. అది నేలతో సహా కిందింటి గున్‌వోర్ నెత్తిన పడుతుందని నాకు కుదురు లేదు. పడితే ఆవిడకి కాఫీకి తోడు దొరుకుతుందిలే అన్నాడు స్తూరె. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నవంబర్ 17
పొద్దున్నుంచీ కేటలాగులే. లేత్‌కి బరువే ప్రాణం, తేలికదైతే కోసేటప్పుడు వణుకుతుంది, చెక్కిన వస్తువు మీద గీతలు పడతాయి అని పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నాను. పెద్దదే అంటాడనుకున్నాను. మధ్యాహ్నం నన్ను బంగాళాదుంపల సంచి బల్ల మీదికి ఎత్తమన్నాడు. ఎత్తాను. ఇంకాసిని దుంపలు వేసి మళ్ళీ ఎత్తమన్నాడు. నడుము పట్టేసింది. "చాల్లే మాయ్, దించెయ్" అన్నాడు. ఈయనకి మతి పోతోందేమో. డాక్టర్‌కి చెప్పాలా?

నవంబర్ 18
చిన్నదే చాలన్నాడు. ఇన్నాళ్ళూ బొమ్మ అని వెక్కిరించినదాన్నే. గున్‌వోర్ గొడవ చేస్తుందన్న నా భయం చూసి తగ్గాడు కాబోలు. బతికిపోయాను.

డిసెంబర్ 2, పదిన్నర
లేత్ వచ్చింది. ఆయన్ని ముట్టనివ్వలేదు. కిటికీ దగ్గర బల్ల మీద నేనే పెట్టాను. కింద రబ్బరు పట్టా వేసినా శబ్దం కుట్టుమిషన్ కంటే ఎక్కువే. గున్‌వోర్ సొసైటీకి కంప్లయింట్ రాస్తే? సెల్లార్‌లో అందరికీ కలిపి ఒకటే లాండ్రీ, దాని వేళల బోర్డు మెట్ల దగ్గర ఉంది. ఎవరి వేళకి వాళ్ళు తమ ఫ్లాట్ నంబరున్న చిన్న తాళం పెట్టుకుంటారు. ఆవిడ తాళం మంగళవారం పదింటికి ఉంది. ఆవిడ సెల్లార్‌లో బట్టలు ఉతికే వేళకే మోటార్ వేయాలని స్తూరెకి కట్టడి చేశాను. దొంగసారా కాస్తున్నట్టుందన్నాడు.

జనవరి 14
గున్‌వోర్ తాళం ఇప్పుడు గురువారం, శనివారం కూడా కనిపిస్తోంది. ఒంటి మనిషి, అన్ని బట్టలేమిటి? పక్క తడుపుకుంటోందేమో పాపం. అడగడమెలా?
రెండు పిడులయ్యాయి. మొదటిదాని మీద సన్నని గీతలు. వణికింది చెయ్యా, లేతా అని అడిగాను. లేతేలే అన్నాడు.

జనవరి 30
మూడోది అద్దంలా వచ్చింది. ఊరికే సొరుగు తెరిచి మూస్తున్నాను.

ఫిబ్రవరి 6
స్తూరె పోయాడు.

ఫిబ్రవరి 8
మొన్న వంటింట్లో చేప వేయిస్తున్నాను. లేత్ శబ్దం పలచబడింది. కోయడం ఆగింది, తిరగడం ఆగలేదు. స్టవ్ కూడా కట్టేయకుండా పరిగెత్తాను.
కుర్చీలోనే ఉన్నాడు. కళ్ళద్దాలు కూడా జారలేదు. ఆ మోటార్ ఆపింది నేనే.

ఫిబ్రవరి 28
చర్చిలో వంతు దొరికేసరికి మూడు వారాలైంది, ఈరోజు అంత్యక్రియలు. చర్చి హాల్లో కాఫీ, సాండ్‌విచ్ కేక్. సరిపోదేమోనని అప్పుడు కూడా నాకు బెంగే. బెర్టిల్ పక్కన కూర్చున్నాడు. తన పెద్ద లేత్ ఊరికే ఇస్తానన్నా స్తూరె వద్దన్నాడని చెప్పాడు. ఎందుకని అడిగాను.
"'మాయ్ ఒక్కతే ఎత్తలేని వస్తువు ఆ ఇంట్లో పెట్టను, నేను పోయాక ఎవర్ని బతిమాలుతుంది?' అన్నాడమ్మా. వేళాకోళం అనుకున్నా."
బంగాళాదుంపల సంచి గుర్తొచ్చింది. కప్పు కింద పెట్టేశాను.

మార్చి 11, మంగళవారం
పదింటి దగ్గర గున్‌వోర్ తాళం అలాగే ఉంది. లాండ్రీలోకి దిగాను. మెషిన్లు తిరగడం లేదు. బెంచీ మీద క్రాస్‌వర్డ్ పట్టుకుని ఒక్కతే కూర్చుంది. నన్ను చూసి పెన్సిల్ దాచింది.
"వారానికి మూడుసార్లు ఉతకడానికి నాకు బట్టలెక్కడివే మాయ్? నేనిక్కడ కూర్చుంటేనే కదా మీ ఆయన మోటార్ వేసేది."
మరి ఇప్పుడెందుకని అడిగాను. తాళం తీయడానికి చెయ్యి రాలేదంది.
జరిగి చోటిచ్చింది. ఆవిడ గంట అయ్యేదాకా కూర్చున్నాం.

మార్చి 12
నాలుగో పిడి సగం చెక్కి ఉంది, ఇంకా లేత్ పట్టులోనే. లేత్‌ని దాంతో సహా ఎత్తి చూశాను.
ఎత్తగలిగాను.
మళ్ళీ అక్కడే పెట్టేశాను.