గడప అవతలి చెయ్యి

విల్నియస్, బుధవారం

నాన్నా,

చర్చలు ఆగిపోయాయని రేడియోలో వినే ఉంటావు. ఆపింది నేనే.

మూడు వారాలుగా ఆ మిత్రదేశం వాళ్ళతో కూర్చుని నడుం విరిగింది. చెప్పిందే చెప్పడం, విన్నదే వినడం. వాళ్ళ దేశపు చీజ్ మన దుకాణాల్లోకి సుంకం లేకుండా రావాలట. కాదంటే, "మీ సరిహద్దు కాస్తున్నది మా సైనికులే కదా" అని నవ్వుతూ గుర్తుచేస్తారు. ఆ నవ్వుకే నాన్నా, నాకు ఒళ్ళు మండేది. సోమవారం మా మంత్రిగారు సరేనన్నారు. వాళ్ళ పెద్దమనిషి వెళ్తూ వెళ్తూ గది బయట నిలబడి, గడప మీదుగా నాకు చెయ్యి చాపాడు. నా చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. గడపకి అటూ ఇటూ నిలబడి చెయ్యి కలిపితే తగువొస్తుందని చిన్నప్పుడు నువ్వెన్నిసార్లు కొట్టావో! ఆయన మొహం కందగడ్డయింది. "ఇదా మీ జవాబు?" అని హోటల్‌కి పోయి తలుపేసుకున్నాడు.

మన ఆచారమండీ అంటే మంత్రిగారు, "గడపట, గాడిదగుడ్డట! శుక్రవారం క్షమాపణ చెప్పి సంతకం పెట్టు" అన్నారు.

నిజం చెప్పనా? ఆచారం సగమే. ఆ చెయ్యి చూడగానే నీ పద్నాలుగు ఆవులూ కళ్ళముందు నిలబడ్డాయి. వాళ్ళది సగం ధరకే వస్తే నీ చీజ్ ఎవరు కొంటారు? ఆ సంతకం నావల్ల కాదు. రాజీనామా రాసి పెట్టుకున్నాను. తిట్టకు, అలిసిపోయాను.

నీ జివిలె


మెర్కినె, గురువారం

అమ్మలూ,

నీ ఉత్తరం తెచ్చిన బస్సు డ్రైవరు అల్గిస్ జవాబు కోసం వాకిట్లో హారన్ కొడుతున్నాడు. అందుకే సూటిగా రాస్తున్నాను.

ఆవుల్ని పోయిన వారమే అమ్మేశాను. నా మోకాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశాయి. నువ్వు ఏడుస్తావని చెప్పలేదు. ఏడ్చింది నేనేలే. ఆవుల్లో మార్గె ఒక్కతీ మిగిలింది, నా కాఫీకి. కాబట్టి నా ఆవుల్ని ఆ చర్చల బల్ల దగ్గరికి తోలుకెళ్ళకు. మన ఊళ్ళో ఇంకా పదకొండిళ్ళు పాల మీదే బతుకుతున్నాయి. సరిహద్దు అవతల ఎవరున్నారో కూడా నాకు తెలుసు, పసివాడిగా మా అమ్మ ఒళ్ళో కూర్చుని, ఆ అవతలివాళ్ళు మనవాళ్ళని తరిమేసిన రైల్లో సైబీరియా పోయొచ్చినవాణ్ణి. రెండూ చూసుకుని సంతకం పెడతావో మానతావో నీ ఇష్టం. రాజీనామా మాత్రం పొయ్యిలో పడెయ్.

గడప మీద చెయ్యి కలపకూడదు, నిజమే. కానీ కొట్టి ఊరుకున్నానా? "లోపలికి రండి" అనమని కూడా చెప్పానుగా! మనిషిని గుమ్మంలో నిలబెట్టి ఆచారమంటావేం, తింగరిదానా! ముందు పిలిచి కూర్చోబెట్టు.

అల్గిస్ చేత చీజ్ పంపుతున్నాను. షాజీరా వేసిందే. ఇదే ఆఖరిది. ఆ పెద్దమనిషికీ ఒక ముక్క కోసి పెట్టు. మనల్ని ఏం వదులుకోమంటున్నాడో తిని చూసి, అప్పుడు అడగమను.

నీ నాన్న,
బ్రోన్యుస్