కిటికీలో ఫ్రీజియా కుండీలు

మీరు డ్యూటీ దిగి వచ్చేతలికి నేనుండను. సద్ది ఉట్టి మీదుండాది.

ఫ్రీజియా కుండీలు కిటికీలోనే ఉండనీండి. మన్ను ఎండితేనే నీళ్లు పోయండి, లేకుంటే గడ్డలు కుళ్లిపోతాయి. మొగ్గల కాడలు వాలిపోతుండాయి, పుల్ల గుచ్చి దారంతో వదులుగా కట్టండి. మీ అమ్మను ఆకులు పెరకనీయద్దండి. ఆకు పచ్చగా ఉంటేనే గడ్డ ఊరేది, మళ్లీ ఏటికి పూసేది.

విచ్చిన పూలన్నీ నేనే కోసినాను. నిన్న మన వకుళ ఒక్క పువ్వు జడలో పెట్టుకున్నిందని మీ అమ్మ ఇల్లు పీకి పందిరేసింది. కొండమీద పూలన్నీ సామివే, ఆడోళ్లు తల్లో పెట్టుకోగూడదని నాకూ తెలుసు. అయినా ఆమె నోటికి జడిసి బిడ్డ చెంప పగలగొట్టినాను. ఆ కుండీలకు నీళ్లు పోసి పెంచింది అదే. అన్నం ముట్టకుండా తిరపతికి, మా అక్కింటికి దిగిపోయింది. మీరు ఆడే కూచోనుండారు, ఒక్క మాటన్నారా?

పూలు తడిగుడ్డలో చుట్టుకోని మొదటి బస్సుకు పోతుండాను. కొండ దిగినాక నా బిడ్డ తల్లో నా చేత్తోనే పెడతాను. మీ అమ్మకు చెప్పండి.

సామి పటం దగ్గర ఒక పూల కాడ పెట్టి, అడిగే పోతుండాను. ఆయనా మీ మాదిరే ఏమీ అనలేదు.