కాలవగట్టు మీద పరుగు

శుక్రవారం, రాత్రి

నాకు రాయడం రాదుగా, నేను చెప్పేది డైరీలో రాయవే మనవరాలా, నవ్వకుండా రాయి. "పొద్దున్నే పరిగెత్తడానికి అందమైన దారి చెప్పు అమ్మమ్మా" అని నిన్న అడిగావు. కొబ్బరిచెట్ల కింద కాలవగట్టు చెప్పాను. మొన్న పూడిక తీసి ఆ గట్టు మీదే పోశారని నాకు తెలుసు. అయినా అదే చెప్పాను, నా తోడికోడలి వాకిలి ముందు నుంచి పోతుందని. నీళ్ల వంతు దగ్గర తగువై మాకు మాటల్లేవు. నీ పరుగు చూసి అది కుళ్లుకోవాలనుకున్నాను.

ఇవాళ పొద్దున నువ్వు ఆ బురదలో జారి కాలు బెణికితే అదే నిన్ను నడిపించుకొచ్చింది. "పిల్లకి చెప్పేముందు గట్టు చూసుకోవద్దా అక్కా?" అంది. తెలియదన్నాను. తలెత్తలేకపోయాను.

అదిగో, కలం ఆపేశావు. ఆపకు. తెలిసే పంపానని రాయి. కింద వేలిముద్ర వేస్తాను.