గడిలో ఆపి ఉంచిన డాక్టరమ్మను దవాఖానకు పంపించుట గురించి

నల్లగొండ జిల్లా కలెక్టరు అగు అవ్వల్ తాలూక్‌దారు గారి సముఖమునకు, కేతేపల్లి దాపున గల మా ఊరి వెట్టివాడు ఇస్రాయేలు, పాదిరి బడిలో నేర్చిన తెలుగులో స్వయముగా వ్రాసుకొన్న అర్జీ.

ఖుర్దాదు మాసము, 1351 ఫసలీ.

అయ్యా,

విషయం: ఆడవాళ్ల కాన్పుల కొరకు సర్కారు వేసిన డాక్టరమ్మ ప్రమీలమ్మ గారు దవాఖానలో దొరకకుండుట; నా భార్య బాలనర్సమ్మ ప్రాణము ఆమె దొరకుటపైననే ఆధారపడి యుండుట.

1. మా ఊరి దొర గారి ఆడవాళ్లు ఎక్కే కప్పు బండిని కచ్చడం అందురు. అది కదిలినప్పుడెల్లా కర్ర పట్టుకొని దాని ముందు ఉరుకుట నా వంతు వెట్టి. ఈ సంగతి తమకు తెలియనిది కాదు. తమరు దౌరాకు వచ్చి దొర గారి కోట వంటి గడిలో బస చేసినప్పుడు తమ గుర్రానికి గడ్డి మోసినది నేనే.

2. పోయిన యేడు నా భార్యకు తొలికాన్పు నొప్పులు మొదలైన పొద్దుననే గడి గుమాస్తా రఘుపతి వచ్చి, "గడిల కాన్పున్నది, డాక్టరమ్మను తేవాలె, ఉరుకుర" అన్నాడు. ఎవరికని అడుగు హక్కు మాకు లేదు. ఉరికినాను. డాక్టరమ్మను తెచ్చు తోవలో కచ్చడం నా ఇంటి ముందు నుండే పోయినది. లోపల నా భార్య అరుస్తున్నది. ప్రమీలమ్మ గారు తెర తొలగించి, "ఎవరిదా అరుపు? బండి ఆపండి" అన్నారు. రఘుపతి ఆపనియ్యలేదు.

3. గడిలో కాన్పు అగుచున్నది దొర గారి షికారు కుక్కకు.

థూ!

ఈ అక్షరము అర్జీలో ఉండరాదని ఎరుగుదును. కొట్టివేయుటకు చెయ్యి రాలేదు.

డాక్టరమ్మ గారు పోతాననగా ఎద్దులను విప్పించినారు. కడపటి కుక్కపిల్ల కూడా బయటపడిన తరువాతనే దర్వాజ తెరిచినారు. ఆమె నడిచి మా ఇంటికి వచ్చుసరికి మా బిడ్డ కడుపులోనే పోయినాడు. మగపిల్లవాడు. ఆమె నా ముఖము చూడలేక గోడకు చెప్పినట్లు చెప్పినారు: "మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు కాళ్లు ఉబ్బినా, కళ్లు మసకలు కమ్మినా ఒక్క పూట ఆగొద్దు ఇస్రాయేలూ. ప్రాణం మీదికి వస్తుంది. నా దగ్గరికి తీసుకురా."

4. ఇప్పుడు నా భార్యకు ఎనిమిదవ మాసము. కాళ్లు ఉబ్బి కడియాలు కండలో దిగినవి. తీసుకొనిపోగా దవాఖానకు తాళము. అరుగు మీద బీడీ తాగుచున్న కంపౌండరు లింగస్వామి, "దొర బిడ్డ పురుటికొచ్చింది. కాన్పయ్యేదాంక డాక్టరమ్మ గడిలనే ఉంటది" అన్నాడు. దొర బిడ్డకు ఇంకా ఏడవ మాసమే.

గడికి పోయి మొక్కితిని. రఘుపతి నవ్వినాడు. "మీ ఆడోళ్లు కలుపు తీస్కుంటనే కంటరు గదర. మీకు డాక్టరమ్మ ఎందుకు?"

కుక్కకు కావలసిన డాక్టరమ్మ నా భార్యకు అక్కరలేదట!

5. దవాఖాన మీద సర్కారు బోర్డు ఉన్నది. పేరు సర్కారుది, కాపురము గడిలో. నా అత్త సైదమ్మ, "తాలూక్‌దారుకు రాస్తవా? ఆయన తిన్నదీ ఆ గడి కూడే గద బిడ్డా" అన్నది. ఆమె మాట అబద్ధము చేయుట తమ చేతిలోని పని.

కావున డాక్టరమ్మ గారిని వెంటనే దవాఖానలో కూర్చుండబెట్టు హుకుము దయచేయించి, ఈ కాగితమును మూలకు వేయక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఇస్రాయేలు

తా.క.: అయ్యా, అర్జీ మడత పెట్టకముందే మళ్ల గడి పిలుపు వచ్చింది. దొర బిడ్డకు మందులు కావాలె, నల్లగొండకు తానే పోయి తేవాలె అని డాక్టరమ్మ కచ్చడం కట్టించిందట. ముందర ఉరికిన. నా ఇంటి ముంగట బండి తోలే ఎల్లేశం ఎద్దులను ఆపిండు. డాక్టరమ్మ దిగి లోపటికి పోయింది. పొద్దటి సంది బాలనర్సమ్మకు కండ్లు మసకలు.

"ఎక్కించండి. పెద్ద దవాఖానకు పోవాలి. నువ్వు గడిలో మొక్కింది విన్నాను, ఈమె కోసమే బండి కట్టించాను" అన్నది డాక్టరమ్మ.

దొర కచ్చడంల మా ఆమెనా అని నేను జంకిన. ఎల్లేశం కసిరిండు: "ఎక్కియ్యి జల్ది! ఎద్దులకు దొరసాని ఎవరో బాలనర్సమ్మ ఎవరో ఎర్కనా?"

వాళ్లు ఎక్కిస్తున్నరు. నేను గడప మీద ఇది గీకుతున్న. బండి ఎత్తుకపోయిండని, డాక్టరమ్మను ఎత్తుకపోయిండని గడోళ్లు మీకు ఖబరు పెడుతరు. ముందే చెప్తున్న, నేనే. కాగితం మీ కచేరిల పడేసి దవాఖానకే పోతం, మీ కోసం ఆగం. పైన రాసిన 'తమ విధేయుడు' లేదనుకోండి.

నల్లగొండ దాంక కచ్చడం ముందర నేనే ఉరుకుతున్న. ఈపాలి వెట్టికి కాదు.